మాత్ర ధర, దరఖాస్తు ధర

న్యూజెర్సీలో మందుల షాపుకు పోతే, ఇన్సూరెన్స్ కార్డు ఇచ్చాక కూడా ఇంకో కార్డు ఉందా అని అడుగుతారు. అది మందు కంపెనీ ఇచ్చే కోపే కార్డు. అదుంటే వందల డాలర్ల వాటా కాస్తా పదికో పాతికకో దిగుతుంది. మిగతా బిల్లు ఇన్సూరెన్స్ వాళ్లది, అంటే తిరిగి తిరిగి మా ప్రీమియంలోకే వస్తుంది. మెడికేర్ అనే ప్రభుత్వ ఇన్సూరెన్స్‌లో ఉన్న పెద్దవాళ్లకు ఈ కార్డు చెల్లదు. ప్రభుత్వం డబ్బు కట్టే మందుకు కంపెనీ ఇలా ఎర వేస్తే ఇక్కడి చట్టం దాన్ని ముడుపు కిందే చూస్తుంది. వాళ్లు ఆదాయం కాయితాలు, డాక్టరు సంతకం పెట్టి ఉచిత మందుకు అర్జీ పెట్టుకోవాలి.

ఇట్లాంటి అర్జీనే ధర్మవరంలో మగ్గం నేసే మా మామకూ ఒకటి నింపాం. పెనుకొండ, హిందూపురం మీదుగా రైల్లో బెంగుళూరు పోయి చూపించుకునేవాడు. ఫారంలో నెల జీతం అని గడి ఉంది. "మగ్గం దిగితే కూలే లేదు, జీతం చీటీ యాడ తెద్దును అబ్బీ?" అన్నాడు ఫోన్లో. ఆ గడి దగ్గరే నెల గడిచింది.

ఉచిత పథకాలను తీసిపారెయ్యను. రక్త క్యాన్సర్‌కు వాడే గ్లివెక్‌ను నోవార్టిస్ 2002 నుంచి మాక్స్ ఫౌండేషన్‌తో కలిసి మన దేశంలో చాలామందికి ఊరికే ఇచ్చింది. ప్రాణాలు నిలిచాయి. కానీ కొనుక్కోవాలంటే అప్పట్లో అదే మందు నెలకు లక్షా ఇరవై వేలు ఉండేది. హైదరాబాద్ నాట్కో లాంటి కంపెనీల జెనెరిక్ పదివేల లోపే దొరికేది. దాదాపు అందరికీ ఊరికే ఇస్తున్నామని చెప్పుకుంటూనే కంపెనీ పేటెంటు కోసం సుప్రీంకోర్టు దాకా పోయింది, 2013 ఏప్రిల్ 1న ఓడింది. ఊరికే ఇచ్చేటప్పుడు ఆ ధర ఎవరి కోసమట? ధర పలకమీద చెక్కుచెదరకుండా ఉండాలి, అంతే. ఇక్కడి కోపే కార్డు చేసేదీ ఆ పనే.

ధర దిగిన సందర్భమూ ఒకటుంది. 2012లో నెక్సావర్ అనే క్యాన్సర్ మందును, పేటెంటు ఉన్న కంపెనీ ఒప్పుకోకపోయినా తయారు చేసేలా నాట్కోకు తప్పనిసరి లైసెన్సు ఇచ్చారు. నెలకు 2,80,000 పైచిలుకు ఉన్నది 8,880 రూపాయలకు దిగింది. నేత కూలికి అదీ భారమే. అందుకే ఏటా కనీసం 600 మంది పేద రోగులకు ఉచితంగా ఇవ్వాలని ఆ లైసెన్సులోనే షరతు రాశారు.