రంగులద్దిన అద్దిల్లు

అద్దింట్లో గోడకు మేకు కొట్టాలన్నా ఇంటివాళ్లను అడగాలి. అలాంటిది... తలుపులకు బొమ్మలు వేసి, గోడలకు పూలు గీసి, పుస్తకాల అరల్నీ కట్టెల పెట్టెనీ మంచాన్నీ చివరికి భోజనాల బల్లనీ రంగులతో నింపేస్తే? అదీ ఒకటి రెండేళ్లు కాదు, అరవై ఏళ్లకు పైగా!

ఇంగ్లండులో ససెక్స్ పల్లెసీమలో, ఫర్ల్ అనే ఊరికి దగ్గర్లో అచ్చంగా అలాంటి ఇల్లు ఒకటుంది. పేరు చార్లెస్టన్. ఒకవైపు పచ్చటి గుట్టలు, మరోవైపు పొలాలు, ఇంటి ముందు చిన్న కొలను. బయటి నుంచి చూస్తే మామూలు రైతు ఇల్లే. లోపల అడుగుపెడితే మాత్రం ఖాళీ గోడ కోసం వెతుక్కోవాల్సిందే. ఈ ఇంటిని అద్దెకు తీసుకున్నది వనెసా బెల్ అనే చిత్రకారిణి. ప్రఖ్యాత రచయిత్రి వర్జీనియా వూల్ఫ్‌కు స్వయానా అక్క.

నెల జీతం లేని బొమ్మల పని ఒకవైపు, ముగ్గురు పిల్లలు, వచ్చేపోయే చుట్టాలు, తోట, ఇల్లు మరోవైపు. రెండింటినీ ఒకే కప్పు కింద ఎలా నడిపిందన్నదే ఇప్పుడు ఆ ఇంటిని చూడటానికి వెళ్లేవాళ్లకు కలిగే మొదటి సందేహం. జవాబు ఒక్కో గదిలో కొంచెం కొంచెంగా దొరుకుతుంది.

యుద్ధం తెచ్చిన ఇల్లు

1916. మొదటి ప్రపంచ యుద్ధం జోరుగా సాగుతోంది. బ్రిటన్‌లో యువకులంతా సైన్యంలో చేరాలని చట్టం చేశారు. వనెసా స్నేహితులు డంకన్ గ్రాంట్, డేవిడ్ గార్నెట్ యుద్ధానికి వ్యతిరేకులు. తుపాకీ పట్టనన్నవాళ్లు దేశానికి పనికొచ్చే మరో పని చేయాలి. అందుకని పొలం పనికి ఒప్పుకున్నారు. వాళ్లకు పని దొరికే చోట ఒక ఇల్లు కావాలి. దగ్గర్లోనే ఉంటున్న వర్జీనియా ఈ ఇంటి సంగతి అక్కకు ఉత్తరం రాసింది. అక్టోబరులో వనెసా ఇద్దరు కొడుకుల్నీ వెంటబెట్టుకుని వచ్చేసింది. పెద్దవాడు జూలియన్‌కు ఎనిమిదేళ్లు, చిన్నవాడు క్వెంటిన్‌కు ఆరేళ్లు.

అప్పటికి ఆ ఇంట్లో కరెంటు లేదు, ఫోను లేదు. చలికి వణికిపోయే గదులు. మగవాళ్లు పగలంతా పొలంలో చాకిరీ చేసేవారు. తీరిక దొరికితే చాలు, చేతికందిన కుంచెతో కంటికి కనిపించిన చెక్క మీదల్లా బొమ్మ వేసేవారు. ఖరీదైన సామాను కొనే పరిస్థితి కాదు. పాత కుర్చీ అయినా, సంతలో కొన్న బల్ల అయినా, రంగు పడితే కొత్తదైపోయేది. 1917లో డంకన్ రంగులేసిన కట్టెల పెట్టె ఇప్పటికీ అక్కడే ఉంది. దాని నాలుగు పక్కలా దేవదూతలు!

ఉదయం కుంచె, సాయంత్రం కబురు

యుద్ధం ముగిశాక లండన్‌లో మరో మకాం ఉన్నా, వేసవి వస్తే చాలు అంతా ఇక్కడికే చేరేవారు. 1918లో క్రిస్మస్ రోజున కూతురు ఏంజెలికా పుట్టింది కూడా ఈ ఇంట్లోనే.

ఎంతమంది అతిథులున్నా వనెసా రోజు ఒకే తీరున సాగేది. పొద్దున్నే అందరికంటే ముందు లేచి, భోజనాల గదిలో ఒంటరిగా కాసేపు కూర్చునేది. వంటమనిషితో ఆ రోజు ఏం వండాలో మాట్లాడేసేది. అంతే, ఇక మధ్యాహ్నం భోజనం వరకూ బొమ్మల గదిలోనే. ఆ వేళలో ఆమెను పలకరించడానికి ఎవరూ వెళ్లేవారు కాదు. చుట్టాలైనా స్నేహితులైనా ఎవరి పని వాళ్లు చూసుకోవాల్సిందే. కబుర్లన్నీ టీ వేళకు, రాత్రి భోజనాలకు!

వచ్చినవాళ్లూ ఊరికే కూర్చునే రకం కాదు. ఆర్థికవేత్త జాన్ మేనార్డ్ కీన్స్‌కు అక్కడ ప్రత్యేకంగా ఒక గది ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధానంతర సంధిని తూర్పారబట్టి ఆయన్ను ప్రపంచానికి పరిచయం చేసిన పుస్తకాన్ని 1919లో ఇక్కడే రాశాడు. రాత అయ్యాక చిన్న చాకు పట్టుకుని తోటలో కంకర బాట మీద కలుపు పీకేవాడట. ఎంత మేర శుభ్రపడిందో చూస్తే ఎన్ని రోజులు ఉన్నాడో చెప్పేయొచ్చని ఇంట్లోవాళ్లు నవ్వుకునేవారు.

పెద్దల్ని చూసి పిల్లలూ ఊరుకోలేదు. 1923లో అన్నదమ్ములిద్దరూ 'చార్లెస్టన్ బులెటిన్' పేరుతో ఒక ఇంటిపత్రిక మొదలుపెట్టారు. ఇంట్లోవాళ్ల మీద జోకులు, బొమ్మలు, వార్తలు. పిన్ని వర్జీనియా కూడా దానికి రాసేది. అంత పేరున్న రచయిత్రి రాసిపెట్టిన ఇంటిపత్రిక ఇంకెక్కడుంటుంది!

ఈరోజు పుస్తకం అట్ట, రేపు పళ్లెం

చిత్రాలు అమ్ముడుపోతేనే డబ్బు. అవి ఎప్పుడు అమ్ముడవుతాయో తెలియదు. అందుకే వనెసా, డంకన్ ఏ పని వచ్చినా కాదనలేదు. 1913లో కళావిమర్శకుడు రోజర్ ఫ్రై లండన్‌లో 'ఒమెగా వర్క్‌షాప్స్' స్థాపిస్తే ఇద్దరూ అందులో భాగస్వాములయ్యారు. కుర్చీలు, తివాచీలు, బట్టలు, మట్టిపాత్రలు... కళ గోడమీద వేలాడే చట్రంలోనే ఎందుకుండాలి, రోజూ వాడే సామానులో ఉంటే తప్పేంటి అన్నది వాళ్ల వాదన. ఆ సంస్థ 1919లో మూతపడింది. ఆ వాదన మాత్రం చార్లెస్టన్‌లో కాపురం పెట్టింది!

చెల్లెలు, మరిది నడిపిన హోగార్త్ ప్రెస్ పుస్తకాలకు వనెసా అట్టలు వేసింది. వర్జీనియా రచనల్లో చాలావాటి మీద కనిపించేది అక్క గీసిన బొమ్మే. 1932లో కళాచరిత్రకారుడు కెన్నెత్ క్లార్క్ తమ ఇంటికి పింగాణీ భోజనపాత్రల సెట్టు కావాలని అడిగాడు. ఇద్దరూ కలిసి రెండేళ్లపాటు యాభై పళ్లేలకు బొమ్మలు వేశారు. రాణులు, రచయిత్రులు, సుందరాంగులు, నటీమణులు, నాట్యకత్తెలు... మొత్తం 48 మంది ప్రసిద్ధ మహిళలు. ఎలిజబెత్ రాణి నుంచి హాలీవుడ్ తార గ్రెటా గార్బో దాకా! మిగిలిన రెండు పళ్లేల మీద వనెసా, డంకన్. అంటే అన్నిట్లోకీ ఉన్న ఒకే ఒక్క మగవాడు డంకన్. ఎక్కడెక్కడో తిరిగిన ఆ సెట్టు చివరికి 2018లో చార్లెస్టన్‌కే చేరింది.

అన్నిసార్లూ అదృష్టం కలిసిరాలేదు. 1935లో 'క్వీన్ మేరీ' అనే భారీ ఓడలో హాలు గోడలకు చిత్రాలు వేయమని డంకన్‌ను అడిగారు. తీరా పెద్ద పెద్ద చిత్రాలు గీశాక వద్దుపొమ్మన్నారు. సొంతంగా పనిచేసేవాళ్లకు ఇలాంటి దెబ్బ ఒకటైనా తగలకుండా ఉండదు కదా!

పెరడే బొమ్మ... పెంకే ముగ్గు

ఇంటి వెనక చుట్టూ గోడ ఉన్న తోట ఈ ఇంటికి ప్రాణం. మొదట్లో అది కూరగాయల మడి. యుద్ధకాలం కాబట్టి పూలకంటే బంగాళదుంపలే ముఖ్యం. ఆ తర్వాత రోజర్ ఫ్రై దానికో రూపమిచ్చాడు. తిన్నటి కంకర బాటలు, మధ్యలో పచ్చిక, ఒక చిన్న నీళ్లతొట్టి. ఇక ఆ గీతల మధ్య వనెసా, డంకన్ ఇష్టారాజ్యంగా పూలు నింపేశారు. హాలీహాక్‌లు, గసగసాల పూలు, డాలియాలు, జినియాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పూసేవి. తోటమాలి పద్ధతి కంటే చిత్రకారుల కన్నే అక్కడ ఎక్కువ కనిపిస్తుంది. ఎరుపు పక్కన ఏ రంగుంటే బాగుంటుందన్నదే లెక్క. కోసిన పూలు కూజాలోకి, కూజా బల్లమీదికి, బల్ల బొమ్మలోకి! తోటపని, బొమ్మపని వేర్వేరు కాలేదు.

ఆ కూజాల కథా అంతే. ఇటలీ, ఫ్రాన్స్ వెళ్లినప్పుడల్లా అక్కడి బజార్లలో దొరికే పళ్లేలు, కూజాలు కొని తెచ్చేవారు. ఒమెగా కాలం నాటి పాత్రలు సరేసరి. పైపెచ్చు క్వెంటిన్ పెద్దయ్యాక కుమ్మరి పని నేర్చుకున్నాడు. ఇంట్లోనే సారె తిప్పి, బట్టీలో కాల్చి పాత్రలు చేశాడు. భోజనాల బల్ల మీద వేలాడే చిల్లుల మట్టి దీపపుబుట్ట అతని చేతిపనే. దాని చిల్లుల్లోంచి వెలుగు చుక్కలు చుక్కలుగా రాలుతుంది. ఇవేవీ అద్దాల బీరువాలో దాచినవి కావు. అన్నీ అన్నం తిన్నవి, పాలు పోసుకున్నవి.

రోజూ వాడితే పగలవా? పగిలాయి. ఆ పెంకుల్నీ పారేయలేదు. తోటలో ఒక మూల నేలమీద వాటిని ముగ్గులా పొదిగారు. నీలం అంచు ముక్క, పసుపు పువ్వు ముక్క... ఎవరెవరి కంచాలో!

వంటింట్లో ఒక పలక

ఇంతవరకూ వింటే ఎవరికైనా అసూయ పుడుతుంది. అయితే ఈ ఇంటి అసలు సంగతి తెలియాలంటే వంటింట్లోకి వెళ్లాలి. అక్కడ గ్రేస్ హిగ్గెన్స్ పేరుతో మట్టితో చేసిన ఒక పలక ఉంటుంది. క్వెంటిన్ చేసినదే. యాభై ఏళ్లకు పైగా ఆమె ఇక్కడ పనిచేసిందనీ, అందరికీ మంచి నేస్తమనీ దానిమీద రాశాడు.

1920లో టీనేజీలో పనిలో చేరిన గ్రేస్ పిల్లల్ని చూసింది, వంట చేసింది, ఇల్లంతా నడిపింది. ఆమె పెళ్లయ్యాక భర్త కూడా ఇక్కడికే వచ్చాడు. కీన్స్‌కైనా వర్జీనియాకైనా అన్నం వడ్డించింది ఆమే. పొద్దున వంట సంగతి ఐదు నిమిషాల్లో తేల్చేసి వనెసా కుంచె పట్టుకోగలిగిందంటే, ఆ తర్వాతి పనంతా మరొకరి చేతులమీద పడింది కాబట్టే. గ్రేస్ రాసుకున్న డైరీలు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. పెద్దవాళ్ల ఉత్తరాలతో పాటు వంటమనిషి డైరీనీ భద్రపరచడం చిన్న విషయం కాదు.

స్త్రీ రచన చేయాలంటే ఏడాదికి 500 పౌండ్ల రాబడి, తనదంటూ ఒక గది ఉండాలని వర్జీనియా 1929లో రాసింది. అక్కకు గది ఉంది. పుట్టింటి ఆస్తి, కలిగిన కుటుంబం నుంచి వచ్చిన భర్త క్లైవ్ బెల్ అండ ఉన్నాయి. వాటికి గ్రేస్‌ని కూడా కలిపితేనే లెక్క సరిపోతుంది.

ఇంటి స్వేచ్ఛకూ ఒక ధర ఉంది. ఏంజెలికా తండ్రి డంకన్. ఆ సంగతి ఆమెకు పద్దెనిమిదేళ్లు దాటేదాకా చెప్పలేదు. ఆ బాధను 1984లో అచ్చయిన తన జ్ఞాపకాల పుస్తకంలో ఆమె దాచకుండా రాసింది. రంగుల తలుపుల వెనక మూసి ఉంచిన తలుపులూ ఉన్నాయన్నమాట.

ఆగని కుంచె

1937లో జూలియన్ స్పెయిన్ అంతర్యుద్ధంలో అంబులెన్సు నడుపుతూ చనిపోయాడు. వనెసా మంచం పట్టింది. 1940లో లండన్ మీద పడిన బాంబులకు ఆమె స్టూడియో కాలిపోయి, ఏళ్ల తరబడి వేసిన చిత్రాలు బూడిదయ్యాయి. మరుసటి ఏడాది వర్జీనియా కూడా లేకుండాపోయింది. అప్పటికి చార్లెస్టనే వాళ్ల శాశ్వత నివాసం.

ఆ రోజుల్లోనే పక్క ఊరు బెర్విక్‌లో చర్చి గోడలకు చిత్రాలు వేసే పని వచ్చింది. వనెసా, డంకన్, క్వెంటిన్ ముగ్గురూ కలిసి వేశారు. బాల ఏసు పుట్టిన పాకకు ససెక్స్ పల్లె కొట్టమే నమూనా, గొల్లలకు చుట్టుపక్కల జనమే. కొడుకును పోగొట్టుకున్న తల్లి అక్కడ వేసినవి మేరీమాత చిత్రాలు. 1943కల్లా పని పూర్తయింది. ఆ గోడల ముందు నిలబడితే, వనెసాకు పని అంటే తీరిక వేళ ముచ్చట కాదని, నిలబెట్టే ఊతకర్ర అని అర్థమవుతుంది.

1961లో వనెసా ఈ ఇంట్లోనే కన్నుమూసింది. డంకన్ 1978 వరకూ ఉన్నాడు. ఇద్దరి సమాధులూ ఫర్ల్ చర్చి ఆవరణలో పక్కపక్కనే ఉంటాయి. ఆ తర్వాత ఇల్లు పాడుబడిపోకుండా 1980లో ఒక ట్రస్టు ఏర్పడింది. గోడల రంగులు, తోట బాటలు బాగుచేసి 1986లో జనానికి తలుపులు తెరిచింది.

లండన్‌లో విక్టోరియా స్టేషన్‌లో రైలెక్కితే గంటకు కాస్త అటూ ఇటూగా లూయిస్ పట్టణం వస్తుంది. అక్కడి నుంచి చార్లెస్టన్‌కు దాదాపు పది కిలోమీటర్లు. వారంలో అన్ని రోజులూ తెరవరు కాబట్టి ముందే కనుక్కుని వెళ్లాలి. వేసవి చివర్లో అయితే డాలియాలు విరగబూసి ఉంటాయి. పనిలో పనిగా బెర్విక్ చర్చి, రాడ్‌మెల్‌లో వర్జీనియా ఇల్లు కూడా చూసి రావచ్చు.

బొమ్మల గది, పూలతోట చూశాక చాలామంది అక్కడితో ఆగిపోతారు. వంటింట్లో ఆ పలక దగ్గర కూడా ఒక్క నిమిషం ఆగాలి. తోటలో పెంకుల ముగ్గులాంటిదే ఆ ఇంటి బతుకు. ముక్కలన్నీ ఒకరివి కావు. అన్నీ కలిస్తేనే ఆ రంగులు!