తాకితే పలికే సమాచారం

బోస్టన్‌లో రెడ్‌లైన్ రైలెక్కి చార్లెస్ నది దాటగానే వచ్చే స్టేషన్ కెండాల్. అక్కడ రెండు పట్టాల నడుమ లోహపు గొట్టాలు వేలాడతాయి. ప్లాట్‌ఫాం గోడకున్న పిడి పట్టుకుని ఊపితే అవి గంటల్లా మోగేలా 1980లలో అమర్చాడు పాల్ మాటిస్. ప్రఖ్యాత చిత్రకారుడు హెన్రీ మాటిస్ మనవడాయన. చెయ్యి కదిలేది ఇక్కడ, శబ్దం పుట్టేది అక్కడ... మెట్లెక్కి పైకొచ్చి కాస్త నడిస్తే ఇదే ఆటను కంప్యూటర్‌తో ఆడే చోటొకటి ఉంది. అదే ఎంఐటీ మీడియా ల్యాబ్!

1985లో తలుపులు తెరిచిన ఈ ల్యాబ్‌కి, జపాన్ వాస్తుశిల్పి ఫుమిహికో మాకి గీసిన కొత్త భవనం 2010లో తోడైంది. ఎటుచూసినా గాజే. విచిత్రమేమిటంటే, తెర అనే గాజుపలక వెనక బందీ అయిన సమాచారాన్ని బయటికి తీసి మనిషి చేతిలో పెట్టాలన్న తపన ఇక్కడి ఆచార్యుడు హిరోషి ఇషీది. టాంజిబుల్ మీడియా గ్రూపు ఆయనదే.

ఆ బృందం 2013లో ‘ఇన్‌ఫామ్’ అనే బల్లను చూపించి లోకాన్ని ఆశ్చర్యపరిచింది. వరుసకు 30 చొప్పున 30 వరుసల్లో 900 చిన్న కడ్డీలు. ఒక్కోదానికీ అడుగున ఒక్కో మోటారు. లెక్కల సూత్రం ఇస్తే కడ్డీలు లేచి కొండలూ లోయలూ అవుతాయి. పైనున్న ప్రొజెక్టర్ వాటికి రంగులద్దుతుంది. ఎక్కడో ఉన్న మనిషి కెమెరా ముందు చేతులు చాపితే, ఇక్కడ కడ్డీలే ఆ చేతుల ఆకారంలో పైకి లేచి బంతిని దొర్లిస్తాయి! అయితే కడ్డీలు పైకీ కిందికీ తప్ప పక్కకి కదలవు. కాబట్టి గుట్టను చూపించగలవు గానీ, గుట్టలోని గుహను చూపించలేవు. పైగా అన్ని మోటార్లంటే ఇంటింటికీ చేరడం తేలిక కాదు.

మరెందుకింత శ్రమ? జవాబు ఇషీ చిన్నతనంలో ఉంది. అమ్మ పూసల చట్రంతో లెక్కలు వేస్తుంటే, ఆ టకటకలు విని ఆమె పనిలో ఉందని పిల్లాడికి తెలిసేది. పెద్దయ్యాక ఆమె కోసం ఆయన ఊహించిన కానుక వాతావరణం చెప్పే సీసా. మూత తీస్తే పిట్టల కూత వినిపించాలి... అంటే రేపు ఎండ కాస్తుందని! వంటింట్లో సోయాసాస్ సీసా మూత తీయడం ఆమెకి తెలుసు, కంప్యూటర్ తెలియక్కర్లేదు. మన అమ్మమ్మలకి ఆవకాయ జాడీ ఎలాగో అలాగే.

ఆ సీసా చేతికందకుండానే 1998లో ఆమె కన్నుమూసింది. తర్వాత ఆ ఊహే మూత తీస్తే జాజ్ సంగీతం వినిపించే సీసాలైంది. అమ్మ చేతికి అలవాటైన పనే యంత్రానికీ అర్థం కావాలన్నది ఆయన కోరిక. ఆ 900 కడ్డీలు లేచి పడుతున్నదీ అందుకోసమే.