అక్క పెళ్ళికి ఏ పాట?

సినిమాల్లో చర్చి పెళ్ళి అనగానే ఓ ట్యూన్ వినిపిస్తుందే, మా అక్కకి అదే కావాలిట! కీబోర్డు వాయించేవాణ్ణి నేనే కదా, భారం నా నెత్తిన పడింది. అది 1850లో మొదటిసారి ఆడిన వాగ్నర్ ఒపెరా 'లోహెన్‌గ్రిన్'లోది. కథలో ఆ పాట పాడిన రాత్రే కాపురం చెడుతుంది. చెప్పగానే అక్క మొహం మాడ్చుకుంది.

పోనీ, పోయిన నాన్న కూనిరాగం తీసే సినిమా పాట? "పూజలో దేవుడి పాటలే బాబూ" అన్నారు ఫాదర్‌గారు. న్యాయమే.

చివరికి నాన్న ఆదివారాలు కోయిర్‌తో గొంతు కలిపే ప్రవేశగీతమే ఖాయం చేశాం. రెండో చరణంలో ఆయన ఎప్పుడూ శ్రుతి తప్పేవారు. మామయ్య చెయ్యి పట్టుకుని అక్క నడిచొస్తోంది. సరిగ్గా అక్కడే నా వేలు జారింది. ముసుగులోంచి అక్క కిసుక్కున నవ్వింది.