యంత్రపు కాఫీ - చిక్కదనము

ఇంట నుప్పు నిండుకొన్నచో నొక పూట యెట్లో గడపవచ్చును. పొరుగింటికి గిన్నె పంపవచ్చును. తెల్లవారగానే త్రాగు కాఫీ పలుచనైనచో మాత్రము ఆ దినమంతయు ఇంటిల్లిపాది ముఖములును ముడుచుకొనియే యుండును. ఈ మాట మన సోదరీమణులకు మేము వేరుగా చెప్పనక్కరలేదు. మొన్నమొన్నటి దనుక ఈ చిక్కదనపు భారమంతయు ఇత్తడి ఫిల్టరుమీదను, దానిలో పొడి నొత్తిన చేతిమీదను ఉండెడిది. ఇప్పుడో, గింజలు తానే విసరి, నీరు తానే కాచి, ఒత్తిడితో కషాయము దింపు ఎస్ప్రెసో యంత్రములు మహానగరములందే గాక మావంటి యూళ్ళలోను కొన్ని యిండ్లకు వచ్చియున్నవి. మీట నొక్కిన నిమిషములో కాఫీ దిగును. అయినను ఈ యంత్రము గలవారిలో పెక్కుమంది చెప్పుకొను కొరత యొక్కటే: "అంతయు బాగున్నది గాని, కాఫీ పలుచన." దీనిని గూర్చి యేడాదిగా మాయింట చూచి తెలిసికొన్నది వ్రాయుచున్నాము.

బడిపంతులు జీతముతో కొనదగిన వస్తువు కాదది. మా మరిది హైదరాబాదున నుద్యోగము చేయుచుండి, విదేశమునకు బదిలీయై పోవుచు, తాను వాడిన యంత్రమును తెనాలికి మాకు పంపెను. మొదటి వారముననే మా పెద్దాడుబిడ్డగారు వచ్చిరి. ఒక గుటక త్రాగి, గ్లాసు క్రింద బెట్టి, "ఇది కాఫీయా అమ్మాయీ, గింజలు కడిగిన నీళ్ళా?" అనిరి. మావారు తమ్ముని మనస్సు నొచ్చునని మాటాడక త్రాగుచుండిరి గాని, పది గంటలకే బడిలో తలనొప్పి వచ్చుచున్నదని చెప్పుచుండిరి. మా యత్తగారు మాత్రము ఏ వంకయు బెట్టక గ్లాసుడును త్రాగి, "నాకు సరిపోయినదమ్మా" అనెడివారు. నెల తిరుగునప్పటికి యంత్రముమీద గుడ్డ కప్పబడవలసినదే. కాని మరిది వారమువారము ఫోనుచేసి, "వదినా, కాఫీ యెట్లున్నది?" అని ఆత్రముగా నడుగుచుండును. ఆ పిల్లవానితో అబద్ధమాడుటకు మాకు నోరు రాలేదు. కావున యంత్రముతోకూడ వచ్చిన చిన్నపుస్తకము ముందు వేసికొని, కావ్యమునకు వ్యాఖ్యానము చదివినట్లు పంక్తి పంక్తియు చదివితిమి. రఘువంశము చెప్పునప్పుడు మా తండ్రిగారు అన్వయము కుదిరిననే గాని రెండవ శ్లోకమునకు పోనిచ్చెడివారు కారు. ఆ చదువు ఇచ్చట నక్కరకు వచ్చినది.

మొదట మాటకు అర్థము తేల్చుకొనవలెను. స్ట్రాంగు కాఫీ యని అందరమును ఒకే మాట ననుచున్నను, మూడు వేరువేరు వస్తువులను కోరుచుందుము. ఒకటి సాంద్రత, అనగా కొలది నీటిలో నెక్కువ సారము. రెండవది చేదు. మూడవది కెఫీనువలన గలుగు ఉత్తేజము. ఇవి మూడును ఎల్లప్పుడు కలిసి రావు. గింజలను నల్లగా మాడ్చి వేపినచో చేదు పెరుగును గాని కెఫీను పెరుగదు. ఒకే పొడిగుండ నీరు ఎక్కువగా పోనిచ్చినచో చేదు పెరుగును, సాంద్రత తరుగును. మా యాడుబిడ్డగారు కోరినది సాంద్రత. మావారు కోరినది ఉత్తేజము. యంత్ర మిచ్చుచుండినది చేదు. మా యత్తగారు ఏమియు కోరియుండలేదు.

కారణము కనుగొనుటకై యొక మధ్యాహ్నము మూడు గాజుగ్లాసులు వరుసగా బెట్టుకొని, ధార దిగుచుండగా ఒకదాని తరువాత నొకటి మార్చితిమి. మొదటి గ్లాసులోనిది బెల్లపుపాకమువలె నల్లగా, చిక్కగా నుండెను. నాలుకపై నుంచుకొన్న పులుపును, తీపియు, వగరును కలిసిన రుచి. రెండవది ఎఱ్ఱమట్టి రంగు. మూడవది వెలవెలబోయి, చేదు తప్ప మరి రుచి లేకుండెను. యంత్రము ఈ మూటిని కలిపి 120 మిల్లీలీటర్ల గ్లాసుగా నిచ్చుచున్నది. దానిమీద మరల పాలు. పలుచన గాక మరేమగును? ఎస్ప్రెసో పుట్టిన ఇటలీ దేశమున వాడుకగా చెప్పు కొలత 7 గ్రాముల పొడి, సుమారు 25 మిల్లీలీటర్ల ద్రవము, 25 సెకనుల కాలము. దానిని చూచినపుడే మా 120 ఎంత దూరమున నున్నదో తెలిసినది.

కావున మొదటి చికిత్స నీటికొలతను తగ్గించుట. పెక్కు యంత్రములలో మీట నట్లే నొక్కిపట్టి, కావలసినంత దిగగానే వదలినచో ఆ కొలతనే జ్ఞాపకముంచుకొనును. కొన్నింటిలో తెరమీద అంకెను మార్చవలెను. మేము 40కి దింపితిమి. పైస ఖర్చులేని యీ మార్పుతోనే సగము కొరత తీరినది. దీనిని చేయక గింజలు మార్చినను, యంత్రము మార్చినను ప్రయోజనము లేదు.

ఆ మూడు గ్లాసులను మా యత్తగారికిని చూపితిమి. ఆమె మూడవదానిని చేతికి తీసికొని, వాసన చూచి, "ఇది నేనెరిగిన కాఫీయే" అని నవ్విరి. మాకు బోధపడలేదు. మెల్లగా ఆమెయే చెప్పిరి. ఆమె కాపురమునకు వచ్చినపుడు ఇంట పదునలుగురు, ఫిల్టరు ఒక్కటి. మొదటి డికాషను మామగారికిని, బావగార్లకును, వాకిట కూర్చున్న పెద్దమనుష్యులకును. ఆ పొడిమీదనే మరల నీరు పోయగా దిగినది అత్తగారికిని, ఆడుబిడ్డలకును. మూడవమారు పోయగా రంగు మాత్రము మారి దిగినది కోడండ్రకు. తరువాత సంసారములు వేరైనవి, ఇంట నలుగురే మిగిలిరి, పొడికి లోటులేదు. అయినను ఆమె చేయి మొదటిదానిని తనకై పోసికొనుట నేర్వలేదు. "అమ్మకు పలుచని కాఫీయే యిష్టము" అని కొడుకులిద్దరును చిన్ననాటినుండియు చెప్పుచుందురు. మేము క్రొత్తకోడలుగా వచ్చిననాడు మాకును అట్లే చెప్పిరి.

మరునాటి యుదయమున కొలత తగ్గించి దింపిన కాఫీని మొట్టమొదట ఆమెకే యిచ్చితిమి. సగము త్రాగి, ఆగి, "ఎవరిదో నాకిచ్చితివేమో, చూచుకో అమ్మాయీ" అనిరి. "మీదే, అత్తయ్యగారూ" అంటిమి. వసారాలో నున్న మావారు పత్రిక మడిచి లోపలికి వచ్చిరి గాని ఏమియు ననలేదు. యంత్రముయొక్క గుణములలో మేము మెచ్చునది, ఏ పుస్తకమునను వ్రాయనిది, ఇదియే: ప్రతి గ్లాసునకును క్రొత్త గింజలు విసరును. దానికి రెండవ డికాషను తెలియదు.

ఇక విసరుడు. గింజల తిరుగలికి ముతక, సన్నము అను మెట్లుండును. కవిత్వమున ద్రాక్షాపాకమును పెద్దలు మెచ్చుదురు గాని, కాఫీ యందు నీరు వచ్చినదారినే జారిపోవు ముతకపొడి పలుచదనమునకే హేతువు. నారికేళపాకము చేయబోయి మిక్కిలి సన్నముగా విసరినచో నీరు లోనికి జొరలేక బొట్టుబొట్టుగా కారి చేదెక్కును. నడుమనున్న కదళీపాకమే యిచట శ్రేష్ఠము. ధార తైలధారవలె సన్నగా, తెగక దిగవలెను. మెట్టు మార్చునపుడు తిరుగలి తిరుగుచుండగనే మార్చవలెను. ఆగియున్నపుడు సన్నమువైపు త్రిప్పిన నడుమ చిక్కుకొన్న గింజలవలన తిరుగలి చెడును. ఒక్కొక్కసారి ఒక్క మెట్టే. అదియు వెంటనే తెలియదు. లోపల నిలిచిన పాతపొడి పోవుటకు రెండు మూడు గ్లాసులు పట్టును. ఈ యోపిక లేనివారు ఉదయము సన్నమునకును సాయంత్రము ముతకకును త్రిప్పి, యంత్రమును తిట్టుదురు.

గింజబొమ్మలతో జూపు మరియొక మీట కలదు. అది పొడి పరిమాణము. దానిని పైమెట్టునకు బెట్టవలెను. అయినను ఇంటియంత్రముల కుండ చిన్నది. కాఫీ దుకాణములలో చేతిపిడి యంత్రమున ఒకమారు 16 లేక 18 గ్రాముల పొడి నొత్తుదురు. మా యంత్రము ఎంత బ్రతిమాలినను పది పండ్రెండు గ్రాములు దాటదు. పెద్దగ్లాసు కావలసినవారు ఒకే పొడిగుండ నీరు పొడిగింపక, పొట్టి కాఫీలు రెండు వేరువేరుగా దింపి కలుపుకొనవలెను. రెండు గిన్నెల బొమ్మగల మీట కొన్నింటిలో రెండుమారులు విసరును, కొన్నింటిలో నీటిని మాత్రమే పెంచును. తిరుగలి చప్పుడు ఎన్నిసార్లు వినవచ్చునో చెవియొగ్గి చూచిన తెలియును.

గింజల మాట. మన దుకాణములలో అమ్ము పొడిలో తరచుగా చికోరీ కలిసియుండును. అట్టి మిశ్రమమున కాఫీ నూటికి 51 పాళ్ళకు తగ్గరాదనియు, ఏది యెంతయో పొట్లముమీద వ్రాయవలెననియు ప్రభుత్వ నిబంధన. చికోరీ కాఫీకి రంగును, చిక్కదనమును ఇచ్చును గాని దానిలో కెఫీను లేదు. నీరు తగిలిన జిగురగును గనుక యంత్రమునకు పనికిరాదు. కన్నులయెదుట వేపి విసరు దుకాణమునకు పోయి, చికోరీ లేకుండ, విసరని గింజలే కావలెనని యడిగి తెచ్చుకొనవలెను. నూనె తేలి మెరయు నల్లగింజలు తిరుగలికి అంటుకొనును. మధ్యరకముగా వేపినవే మేలు. వేపి నెల దాటినవానిలో పరిమళము సన్నగిల్లును. మేము అరకు అరాబికా గింజలు మూడుపాళ్ళు, రోబస్టా యొకపాలు కలుపుచున్నాము. అరకులోయ అరాబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. మన మన్యపు గిరిజన రైతుల పంట. దాని పరిమళము వేరు. అయితే ఒంటరిగా దానికి మన పాలను ఎదిరించు బలము చాలదు. రోబస్టాలో కెఫీను అరాబికాకు ఇంచుమించు రెట్టింపు, నురుగును ఎక్కువ. అది పాలలోను నిలుచును. నురుగునుబట్టి చిక్కదనము నెన్నుట మాత్రము తగదు.

పాలు సగము నేరస్థులు. 40 మిల్లీలీటర్ల కాఫీకి 80 మిల్లీలీటర్ల చిక్కని కాగినపాలు చాలును. యంత్రపు ఆవిరిగొట్టముతో పాలు నురుగెత్తించుట చూచుటకు ముచ్చటయే గాని, మన నాలుకకు కావలసిన వేడి దానిలో లేదు. మేము పొయ్యిమీదనే కాచుచున్నాము. చల్లని స్టీలుగ్లాసు దిగుచున్న కాఫీ వేడి నంతయు హరించును. ముందుగా వేడినీటితో తొలిపిన మంచిది.

ఏడాదిలో రెండుమారులు, ఏమియు మార్చకున్నను, కాఫీ పలుచబడినది. రెండుమారులును కారణము మురికియే. లోపలి దింపుడుపెట్టె ఊడదీయదగినదైన వారమున కొకమారు సబ్బు లేకుండ కుళాయిక్రింద కడిగి ఆరబెట్టవలెను. మా బోరునీరు ఉప్పునీరు. సున్నపుపొర కట్టి నీరు తగినంత కాగదు. కాగని నీటికి సారము దిగదు. పొర పోగొట్టుటకు వినెగరు పోయుమని పలువురు చెప్పుదురు, అది రబ్బరు బిళ్ళలను తినివేయును. అందులకై యమ్ము ద్రవమునే వాడవలెను.

చిక్కదనము నేర్పినవారము మితమునుగూడ చెప్పవలసియున్నది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో వెలువరించిన ఆహార సూత్రములలో దినమునకు కెఫీను 300 మిల్లీగ్రాములు మించరాదనిరి. గర్భిణులకు 200 అని పలు దేశముల వైద్యులు చెప్పుదురు. పైన జెప్పిన జంటకాఫీ, అందులో రోబస్టా కలిసినదైన, ఒక్క గ్లాసే ఇన్నూటికి చేరువగనో, పైగనో పోగలదు. కావున అది మావారికి ఉదయము ఒక్కమారు మాత్రమే. ఆ సంస్థవారే భోజనమునకు గంటముందును, గంట తరువాతను కాఫీ వలదనిరి. అన్నములోని యినుము రక్తమున కెక్కకుండ కాఫీ యడ్డుపడును. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో మనదేశపు స్త్రీలలో, 15 మొదలు 49 ఏండ్లవారిలో, నూటికి 57గురకు రక్తహీనత యున్నట్లు తేలినది. అందరికి వడ్డించి, తాము రెండుముద్దలు తిని, వెంటనే కాఫీతో కడుపు నింపుకొను అలవాటు మనలో నెందరికి గలదో సోదరీమణులకు తెలియును. మా యత్తగారికి దినమునకు రెండు పొట్టి కాఫీలు: ఆరింటికి, మూడింటికి. మూడు దాటి అయిదు నిమిషములైనచో ఆమె వంటింటి గుమ్మము కడకు వచ్చి నిలుచుందురు. ఇది క్రొత్త యలవాటు.

ఇరువదిమంది చుట్టములు దిగిననాడు యంత్రము చాలదు. ఒక్కొక్క గ్లాసుగా దింపుచు కూర్చున్న మధ్యాహ్నమగును. ఆనాడు అటకమీది యిత్తడి ఫిల్టరే దిగును. మొదటి డికాషను దిగగానే ఒక గ్లాసునకు సరిపడు దానిని తీసి, గిన్నెలో బోసి, మూతవేసి, అత్తగారిదని చెప్పి ప్రక్కకు పెట్టిన తరువాతనే తక్కినవారికి కలుపుచున్నాము.