ఆపా దాచిన ఉద్యోగము

షికాగో నగర సమీపమున నివసించు మా ఆపా మూడేండ్ల క్రిందట టెలిఫోనులో ఒక మాట చెప్పి, వెంటనే గొంతు తగ్గించి, "ఊళ్ళో ఎవరితోనూ అనకురా" అన్నది. డాక్టరు కాగోరి చదువుకొనుచున్న ఆమె కూతురు ఒక వృద్ధుల శుశ్రూషాలయములో జీతమునకు కుదిరినదట. ముసలివారికి స్నానము చేయించుట, బెడ్‌పాన్ పెట్టుట, పక్కబట్టలు మార్చుట ఆ పిల్ల పని. మేమును సిగ్గుపడినాము. "డబ్బుకు ఏమైనా ఇబ్బందిగా ఉన్నదా?" అని అడిగినామే గాని, ఆ బిడ్డను పిలిచి ఒక్క మాటయు మాటలాడలేదు.

ఆ దేశపు పద్ధతి మాకప్పుడు తెలియదు. అక్కడ సాధారణముగా ముందు నాలుగేండ్ల డిగ్రీ, ఎంక్యాట్ అను పరీక్ష, పిమ్మట వైద్య కళాశాలకు దరఖాస్తు. ఆ దరఖాస్తులో విద్యార్థి తాను చేసిన పనులను పదిహేనింటి వరకు, గంటల లెక్కతో సహా, వ్రాయవచ్చును. రోగులను దగ్గరనుండి చూచినాడా లేదా అన్నది కళాశాలలు గమనించును. అందులకై పిల్లలు చిన్న చిన్న సర్టిఫికెట్లు సంపాదింతురు. అంబులెన్సులో పనికి ఇ.ఎం.టి., రక్తము తీయుటకు ఫ్లెబాటమీ, రోగుల సేవకు నర్సింగ్ అసిస్టెంట్. ఈ చివరిదానికి 1987 నాటి ఫెడరల్ చట్టము ననుసరించి కనీసము 75 గంటల శిక్షణ కావలెను. పెక్కు రాష్ట్రములు అంతకు ఎక్కువే కోరును. ఆపైన పరీక్షలో పని చేతితో చేసి చూపవలెను. జీతము లేని సేవకు తీరికయు స్తోమతయు లేని ఇంటి పిల్లలకు ఇది రెండు విధముల అక్కరకు వచ్చును. మన నీట్ పరీక్షలోని 720 మార్కులలో "నీవు రోగిని ఎన్నడైన తాకితివా?" అన్న ప్రశ్నకు ఒక్క మార్కు కూడ లేదు.

గత సంవత్సరము మా అబ్బాకు పక్షవాతము వచ్చి కుడిభాగము పడిపోయినది. కర్నూలులో మా ఇంటనే మంచము పట్టినారు. మేమును మా తమ్ముడును ఆయనను చంకల క్రింద పట్టి, మాట పలుకక, బియ్యపు బస్తాను జరిపినట్లు ఇటునుండి అటు జరుపుచుండెడివారము. ఆయన కన్నులు మూసికొనెడివారు. నొప్పి కాబోలు ననుకొన్నాము.

వేసవి సెలవులకు వచ్చిన మేనకోడలు మొదటి దినమే అది చూచి మమ్ము వరండాలోనికి పిలిచినది. "మామూ, మీరు నానాకు ఒక్క మాటైనా చెప్పకుండా ఎత్తుతున్నారు." అంతే అన్నది. చేతులు కడుగుకొని, ఆయన కంటికి ఎదురుగా కూర్చుండి, "నానా, ఇప్పుడు మిమ్మల్ని ఎడమ పక్కకి తిప్పుతాను, సరేనా?" అని అడిగి, ఆయన తల ఊపు వరకు ఆగినది. మోకాలు మడిచి, భుజముపైనను తుంటిపైనను చేతులుంచి, ఒక్కతే తిప్పినది. వీపు వెనుక దిండు చేర్చి, రెండు గంటలకొకసారి ఇట్లు మార్చనిచో పుండ్లు పడునని చెప్పి, వేళలు వ్రాసిన కాగితమొకటి గోడకు అంటించినది.

స్నానము దగ్గర చిక్కు వచ్చినది. మనుమరాలి చేత ఒళ్ళు తుడిపించుకొనుటకు అబ్బా ససేమిరా అన్నారు. ఆమె నొచ్చుకొనలేదు. తలుపు తెర వెనుక నిలిచి మాకు చెప్పుచు వచ్చినది: "మొదట ముఖం మామూ. తుడుస్తున్న చోటు తప్ప మిగతా ఒళ్ళంతా దుప్పటి కిందే ఉండాలి." పదేండ్లుగా తరగతిలో పాఠము చెప్పుచున్న మేము, బకెట్టు ముందు మోకాళ్ళపై కూర్చుండి పాఠము వింటిమి. ఆనాడు అబ్బా కన్నులు మూసికొనలేదు.

"ఇదంతా ఆ 75 గంటలలోనే నేర్పినారా?" అని రాత్రి అడిగినాము. కొంత మాత్రమే నట. తక్కినది ఇరవై యేండ్లుగా అదే పనిలోనున్న ఒక యాభైయేండ్ల సహోద్యోగిని నేర్పినదట. "మొదట్లో నేను దరఖాస్తు కోసం గంటలే లెక్కపెట్టాను మామూ. నేను రేపో మాపో వెళ్ళిపోతాను. ఆమె అక్కడే ఉంటుంది, ఆ జీతానికే." ఈ మాటకు మావద్ద సమాధానము లేకపోయినది. ఇప్పటికిని లేదు.

మేనకోడలు ఈ యేడు దరఖాస్తులు పంపుచున్నది. ఒక్కొక్క కళాశాలకు వేరువేరుగ కట్టవలసిన రుసుము ఆమె జీతములోనిదే. ఆపా మాత్రము బంధువులతో నేటికిని "ఆసుపత్రిలో ట్రైనింగు" అనియే చెప్పుచున్నది. ఇక్కడ అబ్బా, చూడవచ్చిన ప్రతివారికి, నాలుక తడబడుచున్నను, "నా మనుమరాలు వ్రాసినది" అని గోడపైనున్న ఆ కాగితమును ఎడమచేతితో చూపుచున్నారు.