విల్లుకు ఎన్ని క్లాంపులు కావాలి?



మన బడిలో వెదురు విల్లు ఒక్కటే ఉంది. దాంతో 11 మందిమి ఆడతాం. పోయిన వానల్లో దాని పొర లేచిపోయింది. మన ఊరి పేరే తడ, పులికాట్ గాలి కూడా తడే గదా! మనమే ఒకటి అతికించుకుందాం, సామాను ఏమేం కావాలో రాసియ్యి అని పి.ఇ.టి. సార్ నాకు చెప్పారు. ఎందుకంటే మా మామ వడ్రంగి దగ్గర కూలికి పోతాడు. సెలవుల్లో నేను ఆయన వెంట పోయి చూశాను. మా యానాదుల ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. అందుకని మామ చేతికి తెలిసింది కాగితం మీద పెట్టే పని కూడా నాదే.

ముందు ఒక నోటుబుక్కు వంచి చూడండి. అంచున పేజీలు మెట్లు మెట్లుగా జరుగుతాయి. విల్లు వంచినప్పుడు వెదురు బద్దలు కూడా అట్లాగే జారాలని చూస్తాయి. జారనీకుండా పట్టేది జిగురు ఒక్కటే. గోరంత ఖాళీ ఉన్నా అక్కడి నుంచే పొర లేస్తుంది. నారి లాగినప్పుడు విల్లు మన ముఖం ముందే ఉంటుంది. కాబట్టి ఇది చిన్న సంగతి కాదు.

పెద్ద ఇనప క్లాంపులు రెండు కొంటే చాలదా అని మా గదిలో అడిగారు. చాలదు. మామ ఏమన్నాడంటే, "పాపా, క్లాంపు ఉండే కాడ పట్టుద్ది, లేని కాడ నోరు తెరుస్తాది." ఐదడుగుల విల్లు అంటే 60 అంగుళాలు. మూడంగుళాలకు ఒకటి పెట్టినా 20 కావాలి. అంత డబ్బు మన దగ్గర లేదు. బట్టల క్లిప్పులు పెడదాం అని ఒక చెల్లి అంది. అవి మన లంగాలనే గాలికి ఆపలేవు! జపానులో వెదురు విల్లు చేసేవాళ్లు తాడు చుట్టి, దాని కింద వెదురు చీలలు వరసగా కొట్టి బిగిస్తారు. దానికి బాగా అలవాటైన చెయ్యి కావాలి.

మనకు సరిపోయేది పాత సైకిల్ ట్యూబు. దాన్ని అంగుళం వెడల్పు పట్టీలుగా కొయ్యాలి. బద్దలకు జిగురు రాసి, పాలిథీన్ కాగితం చుట్టి, విల్లు ఆకారంలో కోసిన అచ్చు చెక్క మీద పెట్టాలి. పక్కకు జారకుండా నాలుగు చిన్న సి-క్లాంపులు పెట్టి, పట్టీని సాగదీసి ఈ చివర నుంచి ఆ చివరకు చుట్టుకుంటూ పోవాలి. చుట్టు వచ్చినప్పుడు క్లాంపు తీసెయ్యొచ్చు. రబ్బరు ముడుచుకోవాలని చూస్తుంది, కాబట్టి అంతటా ఒకే బిగువు పడుతుంది. మరీ బిగించినా జిగురంతా కారిపోయి లోపల ఏమీ మిగలదు. అంచు పొడుగునా ఆవగింజల్లా బయటికి వస్తే చాలు. మామూలు తెల్ల ఫెవికాల్ తేమకు మెత్తబడుతుంది. రెండు ట్యూబులు కలిపే అరల్డైట్ మేలు.

వెదురు విల్లు అని చిన్నచూపు వద్దు. రాజస్థాన్ ఆదివాసీ లింబా రాం చిన్నప్పుడు పట్టింది వెదురు విల్లే. 1992లో బీజింగ్‌లో ఆయన ప్రపంచ రికార్డును సమం చేశాడు.

సార్ గారూ, నా లిస్టు: చిన్న సి-క్లాంపులు 4, పాత ట్యూబులు 3, అరల్డైట్, పాలిథీన్. ఆరినాక మొదట మీరే లాగి చూడాలి.

మేడం గారూ, మిమ్మల్ని అడిగేది ఒక్కటే. స్టోరు రూములో గోడ పక్కన ఐదడుగుల చోటు, ఒక రాత్రి, ఒక పగలు. ఆ ఒక్క రోజు బియ్యం బస్తాలు ఇంకో పక్కన వేయించండి.

— 9వ తరగతి విద్యార్థిని