గాలి త్రోవలో గోతాము ముక్క



ఒంగోలువాడు బండిలోని హీటరును గూర్చి వ్రాయుచున్నాడని విన్నయెడల మీరు నవ్వుదురని నాకు తెలియును. మే నెలలో 45 డిగ్రీలు దాటు ఎండలో, పొగాకు బ్యారన్ల సెగ ప్రక్కన బ్రదుకు మనకు వేడిగాలి పెట్టెతో ఏమి పని? నేనును అట్లే అనుకొంటిని. అట్లు అనుకొన్నందున ఒక రాత్రి నా జీపు క్రింద ఒక కుటుంబము పడవలసినది. ఆ సంగతి ఇంతకాలము సగమే చెప్పితిని. మిగిలిన సగము ఇప్పుడు చెప్పుచున్నాను.

నేను నడుపు జీపు మిక్కిలి పాతది. దానికి ఇనుప కప్పు లేదు. కమ్ములమీద కాన్వాసు గుడ్డ, ప్రక్కలకు చుట్టి విప్పుకొను తెరలు, అంతే. అది ఒకప్పుడు సైన్యములో చలి ప్రాంతమున తిరిగి, వేలములో అమ్ముడై, రెండు మూడు చేతులు మారి నాయొద్దకు వచ్చినది. అందుచేతనే ప్రక్క సీటువారి మోకాళ్లకు తగులునట్లు డాష్‌బోర్డు క్రింద ఒక హీటరు పెట్టె ఉన్నది. కొన్న మొదటి వేసవిలో దానినుండి సెగ వచ్చుచుండగా, బానెట్టు వెనుక గాలి తీసుకొను రంధ్రములో ఒక గోతాము ముక్క కుక్కి, నీటి గొట్టముమీది వాల్వును మూసి తీగతో బిగించితిని. నా తెలివిని నేనే మెచ్చుకొంటిని. ఆ తరువాత మరచితిని.

2023 డిసెంబరు 5వ తేదీన మిగ్‌జాం తుపాను బాపట్లయొద్ద తీరము దాటినది. దానికి ముందటి రాత్రి చీమకుర్తి రోడ్డునుండి లోనికి చీలిన ఒక పల్లెనుండి నాకు ఫోను వచ్చెను. సంఘములోని ఒక బిడ్డకు నొప్పులు మొదలైనవి. ఆ మట్టిదారిలో చిన్న బండ్లు దిగబడును, జీపు పోగలదు. పోతిని. తిరిగివచ్చునప్పుడు ఆ బిడ్డ, తల్లి, అత్త, భర్త, చుట్టములు కలిసి నాతోకూడ ఎనిమిది మందిమి. తడిసిన చీరెలు, తడిసిన దుప్పట్లు, నలువైపుల బిగించి కట్టిన తెరలు. పది నిమిషములు కాకమునుపే ముందు అద్దము లోపలివైపు పాలు పోసినట్లు తెల్లబడెను. బయట వైపరు ఆడుచునే యున్నది. లోపల నేను కండువాతో తుడుచుచున్నాను. తుడిచిన చోటనే మరల ఆవిరి పట్టుచున్నది.

ఒక కల్వర్టు దగ్గర ఎదురుగా గ్రానైటు లారీ వచ్చెను. దాని వెలుగు అద్దమంతయు పరచుకొని నాకు ఏమియు కనబడలేదు. అది దాటిపోగానే బారెడు దూరములో ఒక మనిషి, అతని భార్య, ఆమె చంకలో పిల్ల, వెనుక రెండు గేదెలు. తలలమీద ఎరువుల సంచులు కప్పుకొని పోవుచున్నారు. బ్రేకు త్రొక్కితిని. బండి జారి నిలిచెను. ఒక గేదె కొమ్ము మాత్రము దీపమునకు తగిలి అద్దము పగిలెను.

“కనపళ్ళా, సామీ?” అని అతడు అడిగెను. కోపముగా కాదు, నిజముగా తెలియగోరి అడిగెను. నాకు నోట మాట రాలేదు.

అక్కడినుండి ప్రక్క తెర విప్పి, తల బయట పెట్టి నడిపితిని. వాన లోనికి కొట్టి ఆ బిడ్డ వణికిపోయెను. తెల్లవారకమునుపే ఆడపిల్ల పుట్టినది. తల్లియు పిల్లయు క్షేమము.

ఆ రాత్రి దారి పొడుగున నేను ప్రార్థించితిని. కుక్కిన గోతాము కుక్కినట్లే ఉండెను. ఆదివారమున దేవుడు తప్పించిన సంగతి సాక్ష్యము చెప్పగా అందరును స్తోత్రము చేసిరి. తరువాతి వారములోనే నాకు అసలు సంగతి తెలిసెను. తెలిసినపిమ్మట వచ్చిన ఆదివారమున మాత్రము నోరు మూసికొంటిని.

తెలిసినది ఎట్లనగా, పగిలిన దీపము మార్పించుటకు కర్నూలు రోడ్డులోని షెడ్డుకు పోతిని. అక్కడి మేస్త్రీ పెద్దవాడు, సాయిబు. నా మాట అంతయు విని, లేచి బానెట్టు ఎత్తి, రంధ్రములో చేయి పెట్టి గోతామును బయటికి లాగెను. దానితోకూడ వేపాకులు, ఎలుక గూడు వచ్చెను. “అయ్యగారూ, ఇది ఎవరు పెట్టింది?” అనెను. నేనే అని చెప్పుటకు నాకు కొంచెము సేపు పట్టెను. (ఆ గోతాము చింతపండు సంచిదనియు, అది కనబడక తాను ఇల్లంతయు వెదకినదనియు మా యింటావిడ ఇప్పటికిని అనుచుండును.)

చదువరులారా, హీటరు చలికాచుకొనుటకే అని మీరు తలంచవద్దు. 20 డిగ్రీల గాలిని 40 డిగ్రీలకు వేడిచేసినయెడల అది ఇంచుమించు మూడింతల తేమను పట్టుకొనగలదు. అట్టి గాలి అద్దముమీద పారునప్పుడు ఆవిరిని త్రాగివేయును, అద్దమును వెచ్చబరచి మరల పట్టనీయదు. అయితే ఆ గాలి బయటినుండి రావలెను. ఎనిమిది మంది విడిచిన ఊపిరినే మరల త్రిప్పి కొట్టినయెడల ఫలము కొంచెమే. వాన గాలి తడిగా ఉండదా అని నేను అడిగితిని. “బయట గాలి చల్లన, లోపలి గాలి ఎచ్చన. ఎచ్చటి గాల్లోనే నీళ్ళెక్కువ” అని సాయిబు చెప్పెను. సెమినరీలో నేను చదివిన గ్రంథములలో ఈ సంగతి లేదు.

గోతాము తీసినంతమాత్రాన గాలి రాలేదు. తీగ విప్పి వాల్వు తెరచినను వేడి రాలేదు. ఇంజనులో కాగిన నీరు రబ్బరు గొట్టముగుండ పెట్టెలోని చిన్న రేడియేటరునకు వచ్చి, ఫ్యాను ఆ రేకుల మధ్యగా గాలిని ఊదుటయే హీటరు పని. నా ఇంజనులో థర్మోస్టాటు లేనే లేదు. మన ఎండకు అది ఎందుకని ఎవరో ఎప్పుడో తీసివేసిరి. మన వైపు ఇది చాలమంది చేయు పని. అందుచేత వానలో నీరు కాగుటయే లేదు. సాయిబు 82 డిగ్రీలకు తెరచుకొనునది వేసెదననగా, వేసవిలో ఇంజను కాగిపోవునని నేను వాదించితిని. “కాగాక అది తెరుచుకుంటది గదా అయ్యగారూ” అని అతడు దానిని వేడినీళ్ల గిన్నెలో వేసి చూపించెను. నా కన్నుల యెదుటనే తెరచుకొనెను.

చిన్న రేడియేటరు లోపల సున్నము. సంవత్సరముల తరబడి నేను బోరు నీళ్లే పోసితిని; మన బోరు నీళ్ల సంగతి మీకు తెలియనిది కాదు. గొట్టములు రెండును విప్పి, నీరు బయటికి పోవు వైపునుండి ఎదురుగా మెల్లగా నీళ్లు పట్టగా ఇటుకరంగు బురద చాలసేపు వచ్చెను. పిమ్మట కూలెంటు పోసితిమి. దాని రుచి తియ్యగా ఉండును గాని అది విషము. పిల్లలకును కుక్కలకును అందనీయకుడి.

ఫ్యాను తిరుగుచున్నది గాని ఊపు లేదు. బ్యాటరీయొద్ద మీటరు 12 దాటి చూపగా, ఫ్యానుయొద్ద 9 మాత్రమే. ఎర్తు తీగ బోల్టు క్రింద తుప్పు. గరుకు కాగితముతో గీకి బిగించగానే శబ్దమే మారెను. ఇంత చిన్నదానికి కొత్త మోటారు కొననుంటిని.

పెట్టెనుండి అద్దమునకు పోవు గొట్టము వైపరు కడ్డీల క్రింద నలిగి చదునైయున్నది. గొట్టము వెడల్పు సగమైన గాలి త్రోవ సగము కాదు, నాలుగవ వంతగును. నేను చూపిన రెండంగుళముల గొట్టమును కాదని సాయిబు మూడంగుళములది, వంపులు తక్కువగా, లోపల నునుపుగా ఉన్నది వేసెను. దాని త్రోవ రెండంగుళములదానికి రెండింతలకు పైమాటే. అతుకులయొద్ద స్పాంజి పట్టీ అంటించెను. లేనియెడల గాలి అద్దమునకు పోక మోకాళ్లమీదికే కారిపోవును.

సంక్రాంతి తరువాత ఒక సాయంకాలము గుడి ఆవరణములో దీనిని పరీక్షించితిమి. ఏడుగురు యౌవనులు తడి తువ్వాళ్లు కప్పుకొని జీపులో కూర్చుండిరి. తెరలు బిగించి, పైన బిందెలతో నీళ్లు పోయించితిమి. అద్దము తెల్లబడెను. హీటరు వేయగా అరచేయి మేర మాత్రము తేటపడి ఆగిపోయెను. నేను నిరాశపడితిని. సాయిబు ఒక తెర పైమూలను రెండు బొత్తాములు విప్పెను. “గాలి రావాలంటే పోయే దారి గూడా ఉండాల,” అనెను. అప్పుడు ఫ్యాను ఊపిరి పీల్చుకొన్నట్లై, నాలుగు నిమిషములలో నా కన్నుల ఎత్తువరకు అద్దము తేటపడెను. వెనుక తెర ఎత్తిన ఇంకను మేలుకదా అని నేననగా అతడు గట్టిగా వారించెను. బండి పోవునప్పుడు వెనుకనున్న గాలి లోనికి తిరుగును; సైలెన్సరు పొగ దానితోకూడ వచ్చును. వాసన తెలియకుండనే మనుష్యులను నిద్రపుచ్చి చంపు వాయువు అందులో ఉన్నది. కాన్వాసు జీపులున్న సహోదరులు ఈ ఒక్క మాటైనను మరువకుడి: విప్పవలసినది ప్రక్క తెర పైమూల, వెనుక తెర కాదు.

వేసవిలోను ఆ పెట్టె పనికివచ్చినది. 2024 మే నెలలో కనిగిరి త్రోవలో ముల్లు ఎర్రగీత చేరగా, హీటరు పూర్తిగా తెరచితిని. ఇంజను వేడి కొంత మాకు పంచిపెట్టి ముల్లు దిగివచ్చెను. ప్రక్కన కూర్చున్న పెద్దమనిషి నన్ను ఏమనెనో ఇక్కడ వ్రాయను.

గేదెలవానిని కనుగొనుటకు నాకు రెండు నెలలు పట్టెను. అరుగుమీద కూర్చుండి గోతాము సంగతి మొత్తము చెప్పితిని. అతడు వినుచు తాడు పేనుచునే యుండెను. చివరకు, “మాకేం గాలేదులే సామీ. ఆ గేదే, లైటు జూస్తే ఇంకా బెదురుతా ఉంది,” అనెను.

ఆ వీధిలోనికి పోవునప్పుడు నేను ఇప్పటికిని దీపములు తగ్గించి పోవుచున్నాను.